ఖాళీ ఇంట్లో కాపురం

"ఐదే నిమిషాలు వదినా. గడియారం చూస్తూ కూర్చుంటాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నీకు అన్నం వడ్డించిన రోజుల్లో నేనెప్పుడైనా గడియారం చూశానా?" అంటూ పిన్ని స్టేషన్ లోపలి గదిలోకి వెళ్ళింది.

పిన్ని అంటే ఊరందరికీ చుట్టం అనుకునేరు. ఆమె ఆఫీసు బోర్డు మీద డిటెక్టివ్ ఏజెన్సీ అని నిక్షేపంగా రాసి ఉంది. ఇరవయ్యేళ్ళుగా అద్దెకొచ్చేవాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు కూపీ లాగి ఇంటివాళ్ళకు చెప్పడం, ఇంటివాళ్ళ బండారం అద్దెవాళ్ళకు చెప్పడం ఆమె వృత్తి. రెండు వైపులవాళ్ళూ పిన్నీ, పిన్నీ అని కొంగు పట్టుకుని తిరగడంతో ఆ పేరే స్థిరపడిపోయింది. ఇన్‌స్పెక్టరు మాత్రం నిజం చుట్టమే. ఆమె భర్తకు సొంత తమ్ముడు. ఆమె కాపురానికొచ్చేనాటికి నిక్కర్లేసుకుని, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసిపెట్టమని ఆమె చుట్టూ తిరిగేవాడు. ఇప్పుడు కేసు పేరెత్తితే చాలు, ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఈసారి కేసు హత్య. ముందురోజు సాయంత్రం ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో, వంటింట్లో, ఇంటి పన్నుల ఆఫీసరు తల పగిలి చచ్చి పడున్నాడు. ఆ ఇంట్లో పనిచేసే ఆడమనిషిని పోలీసులు పట్టుకొచ్చారు. ఈరోజు సాయంత్రం ఆరింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెట్టారంటే ఇక జైలే, బెయిలు ఇప్పించుకునే తాహతు ఆ ఇంటికి లేదు. పొద్దున్నే ఆమె అత్తగారు పిన్ని ఆఫీసుకొచ్చి, "మా కోడలు చీమను కూడా చంపలేదమ్మా, అది లేకపోతే నేనూ మనవరాలూ వీధిన పడతాం," అని బావురుమంది. కోడల్ని అంతగా వెనకేసుకొచ్చే అత్తగారిని పిన్ని తన సర్వీసులో చూడలేదు. ఆ ఒక్క ముక్కతోనే కేసు ఒప్పుకుంది.

లోపల బల్లకు అవతల కూర్చున్న మనిషికి నలభై ఏళ్ళుంటాయి. అందరూ ఆమెను సెట్టింగులమ్మ అంటారు.

"నీ పనేమిటో నీ నోటితో చెప్పు," అంది పిన్ని.

"ఖాళీ ఇళ్ళలో కాపురాలు పెడతానమ్మా."

ఆ పనికి పేరు పుట్టి ఆర్నెల్లు కాలేదు. మనుషులు కాపురం లేని ఇంటికి పన్ను నాలుగు రెట్లని ఈ ఏడాది కొత్త రూలు వచ్చింది. అంతకు ముందు వరకు రెండో ఇల్లు, పదో ఇల్లు కొని తాళాలు వేసి, ధర పెరుగుతుందని కాళ్ళు చాపుకుని కూర్చున్నవాళ్ళ గుండెల్లో రాయి పడింది. వాళ్ళలో తెలివైనవాళ్ళు ఇళ్ళలో మనుషుల్ని పెట్టలేక, మనుషులు ఉన్నట్టు కనిపించే ఏర్పాటు చేసుకున్నారు.

"నాటకాల కంపెనీలో స్టేజీ మీద సామాను సర్దేదాన్ని. కంపెనీ మూతబడింది. కళ్ళజోళ్ళ షాపాయన పిలిచి పదకొండు ఫ్లాట్లు అప్పగించారు. ఒక్కోదాంట్లో ఒక్కో కుటుంబం. రోజూ వెళ్ళి కుళాయిలు తిప్పాలి, మీటరు తిరగాలి కదా. సాయంత్రం దీపాలు వెయ్యాలి. మూడో అంతస్తులో కొత్తగా పెళ్ళైనవాళ్ళు. రెండో అంతస్తులో మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు, అందుకని రెండు గదుల్లో రెండు పక్కలు."

"మాటల్లేవని పన్నులాయనకి ఎలా తెలుస్తుంది?"

"ఆయనకి తెలియదమ్మా. నాకు తెలియాలిగా."

పిన్నికి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వును మింగేసి, "నాలుగో అంతస్తులో ఎవరు?" అని అడిగింది.

"భార్యాభర్తలు, బడికెళ్ళే పాప. బల్ల మీద ఎంగిలి కప్పు, నేల మీద రంగు పెన్సిళ్ళు, బాత్రూమ్ తలుపు మీద తడి తువ్వాలు. నిన్న పొద్దున్న అన్నీ సరిచూసి వచ్చాను. సాయంత్రం ఐదింటికి దీపాలు వెయ్యడానికి వెళితే నా కాపురం లేదు. కప్పు కడిగి బోర్లించేశారు. పెన్సిళ్ళు లేవు, తువ్వాలు లేదు. కిటికీలు బార్లా తెరిచున్నాయి. వంటింట్లోకి చూస్తే ఆయన..." పిన్ని మంచినీళ్ళ సీసా ముందుకు జరిపింది.

"ఎవరికి చెప్పావు?"

"కళ్ళజోళ్ళాయనకి ఫోన్ చేశాను. ఆయన ఏమిటీ, ఏమిటీ అంటుండగానే, నేనింకా ఫోన్ పెట్టెయ్యకముందే సార్ వచ్చేశారు."

"ఏ సార్?"

"ఇన్‌స్పెక్టరు గారే. ఒక్కరే వచ్చారు."

బయటికొచ్చేసరికి మరిది నిజంగానే గడియారం చూస్తున్నాడు. ఐదు నిమిషాలు దాటి ఇంకో మూడు అయ్యాయని చూపించాడు.

"ఆమె ఫోన్ పెట్టేలోపే ఎలా ఊడిపడ్డావురా?" అంది పిన్ని.

"పక్క వీధిలోనే ఉన్నా. ఆ బిల్డింగులో కేకలు వినిపించాయని ఎవరో ఫోన్ చేశారు. ఆమె ఏం చెప్పింది నీకు?"

"నువ్వు ఒక్కడివే వచ్చావని చెప్పింది."

అతను చేతివేళ్ళు మడవడం మొదలెట్టాడు. "తాళంచెవి ఆమె దగ్గర, ఆ గుత్తి కోర్టుకివ్వడానికి సీలు కూడా వేశాం. వేలిముద్రలు ఆమెవి. దొంగ కాపురం సంగతి ఆయన కనిపెట్టేశాడు, ఆమె తోసింది. ఇంతకన్నా ఏం కావాలి?"

"ఇల్లు తుడిచే మనిషి వేలిముద్రలు ఇంట్లో కాక ఆకాశంలో ఉంటాయా? డాక్టరేమన్నాడు?"

"రెండు దెబ్బలు. తల వెనక ఒకటి, నుదుటి మీద ఒకటి. తోస్తే వెనక్కి పడ్డాడు, గట్టు తగిలింది. లేవబోయి ముందుకి పడ్డాడు."

"మరి ఆయన సంచీ? టేపూ, కాగితాలూ?"

"తేలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ చూశాడు, మధ్యాహ్నం మూడు దాటాక చేతులూపుకుంటూ లోపలికెళ్ళాడట."

"తనిఖీకి వచ్చినవాడు రాసుకోవడానికి పెన్నయినా లేకుండా వచ్చాడా? నా చెవిలో పువ్వులు పెట్టకు."

"వదినా," అన్నాడు మరిది విసుగ్గా, "అద్దెవాళ్ళ గుట్టు లాగడం వేరు, హత్య కేసు వేరు. నాలుగున్నరకి రా, ఆ ఫ్లాటు నేనే చూపిస్తాను. నీ ముచ్చట తీర్చినట్టుంటుంది. ఆరింటికి మాత్రం నా పని నేను చేసుకుపోతాను."

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు కట్టేసుకుని అక్కణ్ణుంచి నేరుగా కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది.

షాపు యజమాని అద్దం బల్ల వెనక కూర్చుని, ఒక ఫ్రేముకు మర బిగిస్తున్నాడు. గోడ నిండా ఖాళీ కళ్ళజోళ్ళు ఆమెనే చూస్తున్నట్టున్నాయి. పిన్ని కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"అన్ని ఫ్లాట్లు ఎందుకు కొన్నారండీ?"

"బంగారమైతే దొంగల భయం. బ్యాంకులో వేస్తే వడ్డీ నాలిక్కీ చాలదు. ఇల్లయితే ఎక్కడికీ పోదనుకున్నాను. నిజంగానే ఎక్కడికీ పోవడం లేదు, అదే ఇప్పుడు నా ఏడుపు," అన్నాడాయన.

"అద్దెకిస్తే సరిపోయేదిగా? కాపురం ఉన్నట్టే కదా."

"రూలు రాగానే అందరికీ అదే తోచింది. ఊరంతా ఒకేసారి టు-లెట్ బోర్డులు. ఒక్క అద్దెమనిషి వస్తే పదిమంది ఓనర్లు మెట్లు దిగి ఎదురెళ్ళారు. వచ్చే అద్దె బ్యాంకు వాయిదాకే చాలదు, దాని మీద పన్ను కూడానా. పోనీ అమ్ముదామా అంటే అదీ అందరికీ ఒకేసారి తోస్తుంది. అందుకని మా బిల్డింగులో ఇళ్ళు కొన్నవాళ్ళమంతా కూర్చుని మాటనుకున్నాం, ఏడాది దాకా ఎవరూ అమ్మకూడదని. ఒకడు చవగ్గా అమ్మాడంటే మిగతావాళ్ళ ఇళ్ళన్నిటికీ అదే ధర."

"కొంటామని ఎవరూ రాలేదా?"

"మనిషి రాలేదు, ఫోన్ వచ్చింది. ఎవరో ఒకాయన. సగం ధర ఇస్తానంటాడు. నా ఫ్లాట్లు రెండింటికి నాలుగు రెట్ల నోటీసు వచ్చిందమ్మా, ఎంత సర్దినా దొరికిపోయాయి. మర్నాడు పొద్దున్నే ఫోన్. నాకే కాదు, ఎవరికి నోటీసొస్తే వాళ్ళకి మర్నాడే ఫోన్."

"నోటీసు రానివాళ్ళకి?"

ఆయన బిగిస్తున్న మరను వదిలేసి తలెత్తాడు. "రాలేదు," అన్నాడు నెమ్మదిగా.

"ఎవరికి నోటీసు వెళ్ళిందో అందరికంటే ముందు తెలిసేది ఎవరికండీ?"

ఆ ప్రశ్న అంతకుముందు ఆయనకు తట్టినట్టు లేదు. మొహం మాడిపోయింది. "రాసినవాడికి," అన్నాడు. "ఓరి వీడి దుంపతెగ! పన్ను వేసి భయపెట్టేదీ వాడే, సగానికి కొనేదీ వాడేనా?"

"నాలుగో అంతస్తు ఫ్లాటుకి నోటీసు వచ్చిందా?"

"పోయిన వారం."

"అయితే ఆయన నిన్న తనిఖీకి రాలేదు, ఇల్లు చూసుకోవడానికి వచ్చాడు. మీరే రమ్మన్నారు. మాటిచ్చి మిగతావాళ్ళ నోట్లో మన్ను కొట్టి చాటుగా అమ్మబోయారు, బేరానికొచ్చినవాణ్ణి చూసి..."

"ఆగండాగండి!" ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మూడు నుంచి ఆరు దాకా నేను ఈ కుర్చీ కదల్లేదు. చత్వారం పరీక్షలకి వచ్చినవాళ్ళంతా సాక్ష్యం. పైగా అసలా ఫ్లాటు నాది కాదు."

"పదకొండూ మీవి కావా?"

"పది నావి. అదొక్కటీ రెండేళ్ళ కిందట అమ్మేశాను. వాళ్ళ తరఫున చూసిపెడుతున్నానంతే. ఎవరో ముసలావిడ పేరు మీద రిజిస్టరైంది. వెనక డబ్బు పెట్టింది ఎవరని అడక్కండి. నేనీ ఊళ్ళో షాపు నడుపుకోవాలి."

ఎవరికి భయపడుతున్నారని పిన్ని అడగలేదు. అడిగినా చెప్పే మొహం కాదది. "తాళంచెవులు ఎన్ని?" అంది.

"మూడు. సెట్టింగులమ్మ దగ్గరొకటి. అదిగో, ఆ మేకుకి వేలాడేది నాది. ఇంకోటి ఓనరు దగ్గర."

"మూడో చెవి సంగతి పోలీసులకి చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"విన్నారు. రాసుకోలేదు," అని ఆయన మళ్ళీ మర అందుకున్నాడు.

నాలుగున్నరకు మరిది అన్న మాట ప్రకారం బిల్డింగు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరూ పైకెక్కారు. దారిలో తలుపుల ముందు చెప్పుల జతలు, చిన్నపిల్లల సైకిలు, ఒక కిటికీలోంచి రేడియోలో ఎవరో వార్తలు చదవడం. ఒక్క గుమ్మంలోంచి కూడా ఎవరూ తొంగిచూడలేదు. సెట్టింగులమ్మ పనితనానికి పిన్ని లోలోపల చేతులెత్తి దణ్ణం పెట్టింది.

మరిది జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు.

"సెట్టింగులమ్మ చెవుల గుత్తి కోర్టుకివ్వడానికి సీలు వేశామన్నావు. ఇదెక్కడిది?"

"కళ్ళజోళ్ళాయన్ని అడిగి తెచ్చా."

పిన్ని ఊఁ అంది. ఆ చెవిని మేకు మీద చూసి ఇంకా గంట కాలేదు. ఆ మాట పైకి అనలేదు.

వంటింట్లో రాతిగట్టు అంచున మరక ఆనవాలుంది. నేల మీద సుద్దతో గీసిన గీత. పిన్ని ముందు వాటి జోలికి పోలేదు. హాలు, రెండు పడగ్గదులు తిరిగింది. కప్పు అలమరలో బోర్లించి ఉంది. రంగు పెన్సిళ్ళు సొరుగులో, ఒకే పొడవువి ఒక పక్కకు చేర్చి ఉన్నాయి. తువ్వాలు మడిచి బీరువాలో పెట్టారు. తెరలు పక్కకు తీసి ముడేశారు. కిటికీ ఊచల మీద దుమ్ము కూడా తుడిచేశారు.

"చూశావా?" అంది.

"ఏముంది చూడ్డానికి? నెత్తురు కడిగేటప్పుడు ఇల్లంతా సర్దుకుంది."

"నెత్తురు కడిగే మనిషి పడగ్గది కిటికీ ఊచలు తుడుస్తుందా? ఒరేయ్, ఇల్లు రెండు రకాలుగా సర్దుతారు. మనుషులున్నారని నమ్మించాలంటే చిందరవందర చెయ్యాలి. కొనేవాడికి చూపించాలంటే గాలీ వెలుతురూ కనిపించేలా ఊడ్చి పెట్టాలి. సెట్టింగులమ్మది మొదటి పని. ఇది రెండోది. నిన్న ఇక్కడికి ఓనరు తరఫు మనిషి వచ్చింది. ఆ సంగతి సెట్టింగులమ్మకి తెలియనే తెలియదు."

"కథలు బాగా అల్లుతావు వదినా."

"తాళంచెవి ఉన్న మూడో మనిషెవరో కనుక్కోకుండా నువ్వల్లింది మాత్రం ఏమిటి?"

పిన్ని బాత్రూమ్ తలుపు తీసింది. వాడని ఇళ్ళలో నేల మీది గొట్టంలో నీళ్ళు ఎండిపోయి, కింద నుంచి మురుగు వాసన కొడుతుంది. ఇక్కడ వాసన లేదు. వంగి చూసింది. గొట్టం పక్కన మూలగా చిన్న స్టీలు గిన్నె. గిన్నెలో కాఫీపొడి, పైన పల్చటి గుడ్డ, గుడ్డ జారకుండా అంచు చుట్టూ రెండు చుట్లు తిప్పి కట్టిన నీలం ఊలు దారం.

పిన్ని వంగినది వంగినట్టే ఉండిపోయింది. మురుగు వాసన పోవడానికి కాఫీపొడి పెట్టడం ఆమె కనిపెట్టిన చిట్కా. పురుగులు పడకుండా పైన గుడ్డ కట్టడం కూడా ఆమెదే. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో తోడికోడళ్ళిద్దరూ కాపురం చేసిన రోజుల్లో మరిది భార్యకు తనే నేర్పింది. పిన్ని మామూలు దారంతో కట్టేది. స్వెట్టర్లల్లే తోడికోడలు మిగిలిపోయిన ఊలుతో కట్టేది.

ఆ గిన్నెను ఇన్‌స్పెక్టరు నిన్న చూసే ఉంటాడు. వాళ్ళింట్లో రోజూ స్నానానికెళ్ళినప్పుడల్లా చూసే గిన్నె కాబట్టి అదిక్కడ ఉండకూడని వస్తువని అతని కంటికి ఆనలేదు.

"ఇది ఎవరిదిరా?" అంది పిన్ని, గిన్నె పట్టుకుని లేచి నిలబడి.

అతను గిన్నెను చూశాడు. ఆశ్చర్యపోలేదు. పొరపాటు చేసి దొరికిపోయిన మనిషిలా పళ్ళు కొరుక్కున్నాడు. ఎంత పోట్లాడుకున్నా ఆమె చేత్తో అన్నం తిన్న పిల్లాడు.

"ఫ్లాటు నీదేనా?"

"మా అత్తగారి పేరు మీద కొన్నా. ఆఫీసులో చూపించలేదు. బయటపడితే ఉద్యోగం ఊడుతుంది." కుర్చీలో కూలబడ్డాడు. "నాలుగు రెట్ల నోటీసు చూసి మా ఆవిడ బెంబేలెత్తిపోయింది. వాయిదా కట్టాలా, పన్ను కట్టాలా, పిల్లాడి ఫీజు కట్టాలా అని రోజూ గోల. అమ్మితే పేర్లు బయటికొస్తాయి, నోరుమూసుకోమన్నాను. నాకు చెప్పకుండా బేరం పెట్టింది."

"మీ ఆవిడ చేసిన పనికి ఇంకో ఇంటి కోడల్ని జైలుకి పంపుతావా?"

"సెట్టింగులమ్మకైతే రెండు మూడేళ్ళతో పోతుంది వదినా. తోపులాటలో పోయాడని నేనే రాస్తాను. అదే ఇది వెళ్ళిందనుకో, దాంతోపాటు నేనూ. నా పిల్లలేం కావాలి?"

"ఆమెకీ ఓ పిల్లుంది."

"నీకు మేం కావాలా, ఆమె కావాలా?"

పిన్నికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "మీరే కావాలిరా. అయినా ఆరింటిలోపు ఆమె ఇంటికెళ్ళాలి. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంటూ ఫోన్ తీసింది.

అతను చాలా మామూలుగా లేచొచ్చి ఆమె చేతిలోంచి ఫోన్ లాగేసుకున్నాడు. "ఏడింటికి వచ్చి తలుపు తీస్తాను," అన్నాడు. తలుపు మూసుకోవడం, తాళం పడటం ఒక్కసారే జరిగాయి.

పిన్ని తలుపు బాదింది. బాల్కనీలోకి పరుగెత్తి కేకలేసింది. ఎదురుగా నాలుగు వరసల ఫ్లాట్లు. తీగల మీద ఆరేసిన బట్టలు, తెరల వెనక టైమరుతో వాటంతటవే వెలిగిన దీపాలు, ఎక్కడో వార్తలు చదివే ఆ రేడియో. చూసినవాళ్ళు ఆ బిల్డింగు మనుషులతో కిటకిటలాడుతోందనే అనుకుంటారు. పైనుంచి కింద దాకా ఆమె గొంతు వినడానికి ఒక్క ప్రాణి లేదు. గేటు బిల్డింగుకి అటువైపు ఉంది, వాచ్‌మన్‌కు ఈ అరుపు చేరదు. గొంతు బొంగురుపోయేదాకా అరిచి, రొప్పుతూ గోడకు చేరగిలబడింది.

అప్పుడు తట్టింది. కేకలు వినిపించాయని ఎవరో ఫోన్ చేశారన్నాడు మరిది. ఈ బిల్డింగులో కేకలు వినేదెవరు? ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అతనికి ముందే తెలుసు. సెట్టింగులమ్మ ఐదింటికి దీపాలు వెయ్యడానికి వస్తుందనీ తెలుసు. దగ్గర్లో కాచుకుని కూర్చున్నాడు.

బయట తాళం తిరిగింది. పిన్ని చేతికందిన ఊడ్పుకర్ర పట్టుకుని తలుపు పక్కన నిలబడింది.

లోపలికొచ్చింది తోడికోడలు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తలుపు మళ్ళీ లోపల్నుంచి తాళం వేసి, చెవి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"వెనక మెట్ల దగ్గర చెవి ఇచ్చారక్కా. నీ దగ్గర కూర్చోమన్నారు, ఏడింటిదాకా," అంది. ఆ మాట అంటూనే నేల మీద కూర్చుండిపోయింది.

పిన్ని ఊడ్పుకర్ర కింద పెట్టి ఆమె పక్కన చతికిలబడింది. "ఏం జరిగిందే?"

"ఆ మనిషి పన్నులాయనని నాకు తెలియదు. ఇల్లంతా తిరిగి చూశాడు. సగం ధర కూడా ఎక్కువే అన్నాడు. అదేమిటండీ అంటే నవ్వాడక్కా. 'నోటీసు రాసింది నేనే, మళ్ళీ ఏడాది రాసేదీ నేనే, ఎటు తిరిగినా నా దగ్గరికే రావాలి' అన్నాడు. నా నగలమ్మి పెట్టిన డబ్బక్కా అది. ఒళ్ళు తెలియలేదు, తోసేశాను. గట్టు తగిలి వెనక్కి పడ్డాడు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "మనిషిని చంపేశాను."

"నుదుటి మీద దెబ్బ?"

"నుదుటి మీదా? నుదుటి మీద ఏం దెబ్బ?"

పిన్ని ఆమె గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "జాగ్రత్తగా చెప్పు. పడ్డాక ఏమైంది?"

"లేచి కూర్చున్నాడు. తల పట్టుకుని మంచినీళ్ళడిగాడు, ఇచ్చాను. నిన్నూ నీ మొగుణ్ణీ రోడ్డు మీదకి లాగుతానని తిడుతున్నాడు. భయమేసి ఈయనకి ఫోన్ చేశాను. వచ్చి, 'నేను ఆసుపత్రికి తీసుకెళ్తాను, నువ్వు వెనక మెట్ల మీంచి ఇంటికెళ్ళు' అన్నారు. వెళ్ళిపోయాను. రాత్రి ఇంటికొచ్చి, దారిలోనే పోయాడు, నీ దెబ్బకే పోయాడు అన్నారు."

"దారిలో పోలేదే. ఆ వంటింట్లోనే పోయాడు. రెండో దెబ్బతో పోయాడు."

తోడికోడలు అర్థంకానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. ఆమె గుప్పిట దానంతటదే విచ్చుకుంది. పిన్ని చెవి తీసుకుని తలుపు దగ్గరికి పరుగెత్తింది. ఎవరూ పిలవకముందే ఇన్‌స్పెక్టరు ఒక్కడే రావడం చూసిన సాక్షి సెట్టింగులమ్మ ఒక్కతే. ఆ సంగతి ఇందాక స్టేషన్లో తనే గొప్పగా అతని మొహాన చెప్పి వచ్చింది.

"ఇప్పుడెక్కడున్నాడు వాడు?"

"ఆమెని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్తున్నారు," అంది తోడికోడలు. "కానిస్టేబుళ్ళెవరూ వద్దన్నారట, జీపులో వాళ్ళిద్దరే. దారిలో పారిపోతుందేమో, తుపాకీ దగ్గరుంచుకోవాలి అన్నారక్కా నాతో."